ఏజెంట్ల తిరస్కరణలను తట్టుకుంటూ నవలను పంపుతూ ఉండడం ఎలా?

పట్టుపోగు (బెంగళూరు)

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో కృష్ణరాజపురం దగ్గర ఉంటున్నాను. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం చేస్తున్నాను. పుట్టిల్లు ధర్మవరం. గుంట మగ్గాన్నే నమ్ముకుని బతికిన ఒక ఇంటి మూడు తరాల ఆడవాళ్ల కథను నవలగా రాశాను. రాసింది ఇంగ్లీషులో. కథ చెప్పే మూడో తరం అమ్మాయి ఈ నగరంలోనే పుట్టి పెరిగింది. అమ్మమ్మ మాటలన్నీ ఆమెకు అర్థమవుతాయి కాని, తిరిగి తెలుగులో జవాబు చెప్పడం రాదు. ఆమె గొంతు నాకు మొదటి నుంచీ ఇంగ్లీషులోనే వినిపించింది.

రాతప్రతి పూర్తయ్యాక సాహిత్య ఏజెంటు కోసం వెతకడం మొదలుపెట్టాను. ఈ పద్ధతితో పరిచయం లేని మిత్రుల కోసం ఒక మాట చెబుతాను. లండన్, న్యూయార్క్ నగరాల్లోని పెద్ద ప్రచురణ సంస్థలు రచయితలు నేరుగా పంపే నవలలను సాధారణంగా తీసుకోవు. ఏజెంటు ద్వారా వస్తేనే అవి సంపాదకుల బల్ల మీదికి చేరుతాయి. అందుకని ముందుగా ఏజెంటుకు ఒక పేజీ పరిచయ లేఖ, కథాసారం, మొదటి కొన్ని అధ్యాయాలు పంపాలి. వాటి మీద ఆసక్తి కలిగితే వారు పూర్తి రాతప్రతి అడుగుతారు.

నేను పంపిన వాటిలో ఎక్కువ భాగానికి జవాబే రాలేదు. కొన్నింటికి మాత్రం అందరికీ ఒకే మూసలో పంపే మర్యాదైన నిరాకరణ వచ్చింది. వాటికి మనసు కొంత అలవాటు పడింది. అయితే ఒక ఏజెంటు మొదటి అధ్యాయాలు చదివి, పూర్తి నవల పంపమని ఎంతో ఆప్యాయంగా రాశారు. ఆ తర్వాత నెలలు గడిచాయి. ఆ నెలలన్నీ నేను లోలోపల ఆశ పెంచుకుంటూనే ఉన్నాను. ఈ మధ్య ఒక ఉదయం ఆఫీసుకు వెళ్తూ పర్పుల్ లైన్ మెట్రోలో నిలబడి ఉండగా ఫోన్‌లో ఆమె జవాబు వచ్చింది. మెయిల్ తెరవకముందే పైన కనిపించే ఒకటిన్నర వరుసల్లోనే సంగతి తెలిసిపోయింది. రచన చక్కగా ఉందని, అమ్మమ్మ పాత్ర తన మనసులో నిలిచిపోయిందని, అయినా ఈ పుస్తకాన్ని భుజానికెత్తుకుని ప్రచురణకర్తల దగ్గరకు తీసుకువెళ్లేంత ఉత్సాహం తనలో కలగలేదని, మరొకరికి కలగవచ్చని రాశారు. చుట్టూ అంతమంది ఉండగా ఆ నాలుగు వాక్యాలను మళ్లీ మళ్లీ చదువుకుంటూ, దిగవలసిన స్టేషన్ దాటిపోయాను.

ఆ రోజు నుంచి రాసుకునే బల్ల దగ్గర కూర్చోలేకపోతున్నాను. రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు. మా ఇంట్లో వాళ్లు ప్రేమతోనే ‘పోనీలే, ఇంకెవరైనా తీసుకుంటారులే’ అంటున్నారు కాని, ఆ మాట నాలో దిగడం లేదు. నా ప్రశ్నలు రెండు. రచన బాగుందంటూనే వద్దన్న ఇలాంటి జవాబు నుంచి నేను నిజంగా ఏం గ్రహించాలి? నవలను మళ్లీ మొదటి నుంచి మార్చాలా? ఇక రెండోది, ఈ దారిలో నడిచినవారు ప్రతి తిరస్కరణ తర్వాత మళ్లీ పంపగలిగే స్థితికి ఎలా వచ్చారు?

అచ్చుప్రతి (ఇందిరానగర్)

పట్టుపోగు గారూ, నేను ఈ నగరంలోనే ఒక ప్రచురణ సంస్థ కోసం కొన్నేళ్లు రాతప్రతులు చదివే పని చేశాను. ఇప్పుడు విడిగా సంపాదకత్వం చేస్తున్నాను. మీ ప్రశ్న చదివాక, బల్లకు అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్పడం మీకు ఉపయోగపడుతుందని అనిపించింది.

తిరస్కరణలో ఉన్న మాటల కంటే, అది ఏ దశలో వచ్చిందన్నదే ఎక్కువ సంగతి చెబుతుంది. లేఖకు జవాబే రాకపోతే, అది మీ నవల గురించి ఏమీ చెప్పడం లేదు, ఎందుకంటే నవలను ఎవరూ చదవలేదు. ఆ ఏజెంటు జాబితాలో అప్పటికే ఇటువంటి కథ ఒకటి ఉండవచ్చు. వసంతంలో లండన్ పుస్తక ప్రదర్శన, అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శన దగ్గరపడే రోజుల్లో ఏజెంట్లు హక్కుల అమ్మకాల పనిలో మునిగి ఉంటారు, ఆ వారాల్లో వచ్చిన లేఖలు కుప్పగా మిగిలిపోతాయి. ఇన్ని వారాల్లో జవాబు రాకపోతే వద్దన్నట్టే భావించాలని తమ వెబ్‌సైట్‌లోనే రాసిపెట్టే ఏజెన్సీలు చాలా ఉన్నాయి. మొదటి అధ్యాయాలు చదివి వద్దంటే, అది ఆ పేజీల గురించి కొంత చెబుతుంది. పూర్తి రాతప్రతి చదివి వద్దన్నారంటే, మీ లేఖా మొదటి పేజీలూ తమ పని తాము చేశాయని అర్థం. పంపినవారిలో చాలా కొద్దిమందికి మాత్రమే ఆ పిలుపు వస్తుంది. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు, చదివే పని చేసినవాళ్లు ఎవరైనా ఇదే చెబుతారు.

ఇక ఆ ‘ఉత్సాహం కలగలేదు’ అన్న మాట. దాని వెనుక మరేదో అర్థం దాగి ఉందని మీరు వెతుకుతున్నారు. నా అనుభవంలో అది ఉన్నదున్నట్టుగా చెప్పిన మాట. ఏజెంటు ఎలా సంపాదిస్తారో చూస్తే ఇది తేటపడుతుంది. స్వదేశంలో అమ్ముడైన హక్కుల మీద సాధారణంగా 15 శాతం, విదేశీ, అనువాద హక్కుల మీద దాదాపు 20 శాతం కమీషన్ తీసుకుంటారు. పుస్తకం అమ్ముడుపోతేనే ఆ డబ్బు వస్తుంది. ఉదాహరణకు ఒక తొలి నవలకు ప్రచురణకర్త లక్ష రూపాయల అడ్వాన్స్ ఇస్తే, అందులో ఏజెంటు వాటా 15,000 రూపాయలు. దాని కోసం ఆమె ఆ నవలను మూడు నాలుగు సార్లు చదవాలి, మార్పులు సూచించాలి, ఒక్కొక్క సంపాదకుడికీ విడివిడిగా లేఖ రాయాలి, అక్కడి నుంచి వచ్చే తిరస్కరణలను తానూ భరించాలి. మీకు వచ్చిన జవాబుల్లాంటివే ఆ తర్వాత ఆమెకూ వస్తాయి. ఏడాదో రెండేళ్లో ఆ పుస్తకాన్ని వెంటబెట్టుకుని తిరిగే ఓపిక తనకు ఉంటుందా లేదా అన్నదే ఆమె తనను తాను వేసుకునే ప్రశ్న. రచన నచ్చి కూడా ఆ ఓపిక కలగకపోవడం ప్రతి వారమూ జరిగే విషయం. నేను కూడా ఎంతో ఇష్టపడి చదివిన నవలలను మా సంస్థ సమావేశంలో గట్టిగా నిలబెట్టలేనని తెలిసి పక్కన పెట్టిన సందర్భాలు ఉన్నాయి. అమ్మకాల విభాగం వారు అడిగే ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేని పుస్తకాలవి.

కాబట్టి ఈ ఒక్క జవాబును పట్టుకుని నవలను తిరగరాయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరో ముగ్గురో పూర్తిగా చదివి, నవలలో ఒకే చోటు దగ్గర ఆగిపోయామంటే అప్పుడు ఆ చోటును తెరిచి చూడండి. వారు సూచించిన పరిష్కారం తప్పు కావచ్చు కాని, ఇబ్బంది ఉన్న చోటు మాత్రం చాలావరకు అదే అవుతుంది.

మీ నవల నేను చదవలేదు కనుక ఒక్క విషయం సందేహంగానే చెబుతాను. మన ప్రాంతపు వృత్తుల మీద ఇంగ్లీషులో రాసిన రాతప్రతుల్లో నేను తరచు చూసింది ఇది. మూడో పేజీలోనే కథ ఆగిపోతుంది, పడుగు అంటే ఏమిటో, పేక అంటే ఏమిటో, నాడె ఎలా నడుస్తుందో ఒక పేరా మొదలవుతుంది. తెలియని పాఠకుడి మీద దయతో రాసిన పేరా అది. కాని చదువుతున్న నాకు అక్కడ అమ్మమ్మ కనిపించడం మానేస్తుంది. అదే, నేస్తుండగా పోగు తెగి, ఆమె చేయి గాలిలో ఆగి, చూడకుండానే వేళ్లతో ఆ రెండు కొసలనూ వెతికి ముడివేసే దృశ్యం ఉంటే, మగ్గం గురించి నాకు ఒక్క మాట చెప్పకపోయినా నేను తర్వాతి పేజీకి వెళ్తాను. మీ మొదటి అధ్యాయాలను ఆ కంటితో ఒకసారి చూడండి. అవి ఇప్పటికే ఒకరిచేత పూర్తి నవల అడిగించాయి కనుక, పెద్దగా మార్చవలసింది ఉండకపోవచ్చు.

పంపే పద్ధతి గురించి కూడా చెప్పాలి. ఒకేసారి అందరికీ పంపకుండా ఐదారుగురికి చొప్పున పంపండి. ఒక విడతలో అందరూ మౌనంగా ఉండిపోతే లేఖను మార్చి తర్వాతి విడత పంపే అవకాశం మిగులుతుంది. ఈ పని కోసమే విడిగా ఒక మెయిల్ ఐడీ పెట్టుకుని, దాన్ని ఫోన్‌లోంచి తీసేయండి. వారంలో మీరు నిశ్చయించుకున్న ఒక సాయంత్రం, ఇంట్లో కూర్చుని, కంప్యూటర్‌లోనే తెరవండి. ఇతర రచయితలకు ఎన్ని రోజులకు జవాబు వచ్చిందో నమోదు చేసే క్వెరీట్రాకర్ వంటి సైట్లు ఉపయోగకరమైనవే కాని, వాటిని గంటకోసారి చూసే అలవాటు మనిషిని తినేస్తుంది.

మన దేశంలో ఏజెన్సీలు తక్కువే అయినా లేకపోలేదు. తొలితరం ఏజెన్సీల్లో ఒకటైన జాకరాండా 1997లో ఈ బెంగళూరులోనే మొదలైంది. జైపూర్‌లో సియాహి, ఢిల్లీలో రైటర్స్ సైడ్ ఉన్నాయి. ఎవరి నియమాలు వారి సైట్లలో ఉంటాయి, పంపే ముందు వాటిని శ్రద్ధగా చదవండి. ఏజెంటు లేకుండా రచయిత నేరుగా పంపిన రాతప్రతులను చూసే ఇంగ్లీషు ప్రచురణ సంస్థలు కూడా ఇక్కడ అనేకం ఉన్నాయి. లండన్ తలుపు తెరుచుకోకపోతే ఇక దారే లేదని మీరు అనుకోనక్కరలేదు.

వ్యాలికావల్ వాసి

అమ్మా, పెద్దవాడిగా ఒక మాట అడుగుతాను, మరోలా భావించవద్దు. ధర్మవరం మగ్గం కథను లండన్‌లో ఎవరో మెచ్చుకోవాలని ఇంతగా కుమిలిపోవడం ఎందుకు? మన భాషలో ఏజెంటు అన్న వ్యవస్థే లేదు. రచయిత నేరుగా ప్రచురణకర్తతో మాట్లాడుకుంటాడు, లేదా తానే ఖర్చు పెట్టుకుని 500 ప్రతులో 1000 ప్రతులో వేయించుకుంటాడు. మా వ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి వంటి చోట ఆవిష్కరణ పెట్టుకుంటే ఈ నగరపు తెలుగువారు వచ్చి ఆశీర్వదిస్తారు. మీ అమ్మమ్మ కథను ముందు చదవవలసింది ధర్మవరం వాళ్లే కదా. హాసన్‌లో ఉండి కన్నడంలో రాసుకున్న బాను ముష్తాక్ గారి కథలకు దీపా భాస్తి గారి ఇంగ్లీషు అనువాదం ద్వారా 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది. ముందు సొంత భాషలో రాస్తే తర్వాత లోకమే వెతుక్కుంటూ వస్తుందని నా నమ్మకం.

చెన్నపట్నం పాఠకుడు (టి.నగర్)

వ్యాలికావల్ మిత్రుల అభిమానాన్ని నేను గౌరవిస్తాను. కాని ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదని నా అభిప్రాయం. ఏ భాషలో రాయాలన్నది రాసేవారు తేల్చుకోవలసిన విషయం, ఆమె తేల్చుకున్నారు, కారణమూ చెప్పారు. తెలుగులో రాసినా తిరస్కరణ తప్పదు. డబ్బు పెట్టి పుస్తకం వేయించుకుంటే ఎవరూ వద్దనరన్నది నిజమే. అయితే అలా వేయించుకున్న పుస్తకాల కట్టలు ఎన్ని ఇళ్లలో అటకల మీద ఉన్నాయో మనందరికీ తెలుసు. ఎవరూ వద్దనకపోవడం వల్ల ఆ రచయితలకు పాఠకులు పెరగలేదు. ఆ బాధ ఇంకో రకంగా, ఇంకా ఆలస్యంగా వచ్చి మీద పడుతుంది.

పట్టుపోగు అమ్మా, నేను చెన్నపట్నంలోనే పెరిగాను. తెలుగు పత్రికలకు ఈ ఊరు పెద్ద ఇల్లుగా ఉండేది. 1924లో ఇక్కడ మొదలైన ‘భారతి’ 1991 దాకా వచ్చింది. పడుచుతనంలో నేను కథలు రాసి పత్రికలకు పంపేవాణ్ని. ప్రచురణకు తీసుకోని కథలు తిరిగి కావాలంటే తగిన స్టాంపులు అతికించి, చిరునామా రాసిన కవరు జతచేయాలన్నది నియమం. అంటే తిరస్కరణ మన చేతిరాతతోనే మన ఇంటికి వస్తుంది. వీధి చివర పోస్టుమాన్ చేతిలో ఉన్న కట్టలో నా అక్షరాలున్న కవరు నాకు దూరం నుంచే తెలిసిపోయేది. దాన్ని తెరవవలసిన పనే ఉండేది కాదు. అందులో కథతో పాటు అచ్చువేసిన చిన్న చీటీ ఒకటి ఉండేది, ‘స్థలాభావం వల్ల’ అని. మీరు మెట్రోలో ఒకటిన్నర వరుస చూడగానే గ్రహించానని రాసినప్పుడు, ఆ కవరు పట్టుకున్నప్పుడు అరచేతికి తగిలిన బరువు నాకు గుర్తుకు వచ్చింది.

అప్పట్లో మా మిత్రబృందంలో ఒక ఆనవాయితీ ఉండేది. ఒక పత్రికకు కథ పంపేటప్పుడే, ఆ కథ తిరిగివస్తే తర్వాత ఏ పత్రికకు పంపాలో నిశ్చయించుకుని, ఆ చిరునామాతో రెండో కవరు కూడా ముందే రాసి పెట్టుకునేవాళ్లం. తిరిగివచ్చిన కథను అలాగే పంపకుండా, మొదటి పేజీ నలిగిపోయి ఉంటే దాన్ని మాత్రం శుభ్రంగా మళ్లీ రాసేవాళ్లం. అలా రాస్తుండగా ఒక్కోసారి ఒక వాక్యం దానంతటదే సరిపడేది. బాధగా ఉన్న రోజున ఎక్కడికి పంపాలో ఆలోచించే శక్తి మనిషికి ఉండదు. ఆ నిర్ణయం ముందే జరిగిపోయి ఉంటే చేయి దాని పని అది చేస్తుంది. మీకు కూడా ఇదే సూచిస్తున్నాను. ఇవాళ్టి మనసుతో ఎవరికి పంపాలో నిర్ణయించవద్దు. కాస్త తెరిపిన పడ్డ ఒక ఆదివారం కూర్చుని, రాబోయే విడతల పేర్లన్నీ వరుసగా రాసి పెట్టుకోండి.

అయితే నా అనుభవం మీకు పూర్తిగా వర్తించదని కూడా చెప్పాలి. కథ రాయడానికి నాకు వారమో పది రోజులో పట్టేది. ఒకటి తిరిగివచ్చేలోపు ఇంకొకటి రాసేవాణ్ని, ఆ కొత్తదాని మీద ఆశ పాతదాని దుఃఖాన్ని తగ్గించేది. నవల అలా కాదు, మీరు అందులో ఏళ్ల తరబడి బతికారు. వెంటనే మరో నవల మొదలుపెట్టమని ఎవరైనా అంటే వారి మాట పట్టించుకోకండి. చిన్న పని ఏదైనా పెట్టుకోండి. అమ్మమ్మ వంట గురించి ఒక వ్యాసం, మగ్గం కింద గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న పిల్ల జ్ఞాపకం ఒకటి రాసి పత్రికకు పంపండి. అది అచ్చయితే మీ పరిచయ లేఖలో ఒక వాక్యం పెరుగుతుంది, అచ్చు కాకపోయినా మీరు బల్ల దగ్గర కూర్చుని ఉంటారు.

గొప్ప రచయితలు ఎన్నిసార్లు తిరస్కరణకు గురయ్యారో చెప్పే కథలను మీకు చాలామంది చెబుతారు. నేను చెప్పను. చివరికి గెలిచినవారి కథలే మనదాకా వస్తాయి, వాటిని కొలబద్దగా పెట్టుకుంటే మన బాధ మనకే చిన్నతనంగా కనిపిస్తుంది. మీ బాధ చిన్నది కాదు. ఆప్తులకు జబ్బు చేసినప్పుడు ఎలా దిగులుపడతామో, ఏళ్ల తరబడి పెంచిన పని గురించి అలాగే దిగులుపడతాం. కొద్దిరోజులు దిగులుగా ఉండనివ్వండి. ఇంట్లో వాళ్లకు కూడా ఏం కావాలో మీరే చెప్పండి. ధైర్యం చెప్పనక్కరలేదు, ఆ జవాబు ఒకసారి పైకి చదువుతాను, విని ఊరుకోండి అని అడగండి. మా ఆవిడ నాకు ఎన్నో ఏళ్లు చేసిన సహాయం అదే.

కావేరీతీరం (జయనగర్)

పై ఇద్దరూ చెప్పిన వాటికి ఒక హెచ్చరిక చేరుస్తాను. వరుసగా నిరాకరణలు వచ్చిన సమయంలోనే, మీ నవల అద్భుతంగా ఉందంటూ, కొద్దిపాటి రుసుము కడితే ప్రాతినిధ్యం వహిస్తామనే మెయిల్ వస్తుంది. నాకూ వచ్చింది, నా స్నేహితురాలికీ వచ్చింది. ఆమె కట్టింది, డబ్బు పోయాక ఆ ఏజెన్సీ వారు ఫోన్ ఎత్తడం మానేశారు. బ్రిటన్, అమెరికా దేశాల ఏజెంట్ల సంఘాల నియమావళి ప్రకారం సభ్యులు రాతప్రతి చదవడానికి రుసుము తీసుకోకూడదు. డబ్బు ప్రచురణకర్త నుంచి రచయితకు రావాలి, అందులోంచి ఏజెంటు వాటా పోవాలి. మన దేశంలో కొందరు రుసుము తీసుకుని చదివి అభిప్రాయం రాసి ఇస్తారు. అది పనికొచ్చే అభిప్రాయమే కావచ్చు కాని, అది వేరే సేవ, దాన్ని ప్రాతినిధ్యంగా పొరబడకూడదు. తిరస్కరణ వచ్చిన వారంలో ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టవద్దు.

రెండో విషయం, 2012 నుంచి జరుగుతున్న బెంగళూరు సాహిత్యోత్సవంలో లిట్ మార్ట్ పేరుతో, ఎంపికైన కొత్త రచయితలు ప్రచురణకర్తలకూ ఏజెంట్లకూ తమ పుస్తకం గురించి ముఖాముఖిగా చెప్పుకునే అవకాశం కల్పించారు. ఈసారి ఉత్సవ ప్రకటన వచ్చినప్పుడు అది ఉందేమో చూడండి. తెర మీద వచ్చే వద్దు అన్న మాటకూ, మన ఎదుట కూర్చుని ప్రశ్నలు అడిగి ఆ తర్వాత చెప్పే వద్దు అన్న మాటకూ ఎంతో తేడా ఉంటుంది.

చివరగా నిద్ర సంగతి. అది రెండు వారాలు దాటి కొనసాగినా, ఆకలీ ఆఫీసు పనీ దెబ్బతింటున్నా, దాన్ని రచయితకు సహజమైన దిగులని వదిలేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మన నగరంలోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఆ సేవకు ప్రధాన కేంద్రాల్లో ఒకటి. నేను ఒకప్పుడు వేరే కారణంతో చేశాను, ఓపికగా విన్నారు.

పట్టుపోగు (బెంగళూరు)

అందరికీ కృతజ్ఞతలు. వ్యాలికావల్ పెద్దలకు ప్రత్యేకంగా నమస్కారం. మీ మాట నన్ను నొప్పించలేదు. ఈ నవల ఎప్పటికైనా తెలుగులోకి రావాలన్నది నా కోరిక కూడా, మా అమ్మ చదవగలిగేది ఆ భాషలోనే.

అచ్చుప్రతి గారు రాసింది చదివాక ఆ జవాబును మళ్లీ తెరిచి చూశాను. ఆమె రాసిన మాటలను ఈసారి ఉన్నవి ఉన్నట్టుగా చదవగలిగాను. నవలను ఇప్పుడు తిరగరాయను. మొదటి అధ్యాయంలో మగ్గాన్ని వర్ణించే పేరా మాత్రం నిజంగానే ఉంది, దాన్ని అమ్మమ్మ చేతుల్లోకి మార్చి చూస్తాను. ఫోన్‌లోంచి ఆ మెయిల్ తీసేశాను. చెన్నపట్నం బాబాయి గారు చెప్పినట్టు నిన్న రాత్రి మా వారిని కూర్చోబెట్టి ఆ జవాబు పైకి చదివాను. ఆయన ఏమీ అనలేదు. చాలాసేపు ఏడ్చాను, ఆ తర్వాత నిద్ర పట్టింది. ఇలాగే కొనసాగితే సరే, లేకపోతే కావేరీతీరం గారు ఇచ్చిన నంబరు రాసి పెట్టుకున్నాను.

ఇంకొక్క సందేహం ఉంది. ఆ జవాబు చివర ‘మీ తర్వాతి రచన ఉంటే తప్పక పంపండి’ అని ఉంది. మొదట దాన్ని మర్యాద కోసం రాసిన వాక్యంగానే తీసుకున్నాను. అది నిజంగా అన్న మాటేనా? మొదటి అధ్యాయాలు మార్చాక ఇదే నవలను ఆమెకు మళ్లీ పంపవచ్చా? అదే ఏజెన్సీలో మరొక ఏజెంటుకు పంపడం సభ్యతేనా?

అచ్చుప్రతి (ఇందిరానగర్)

అది నిజంగా అన్న మాటే. మూసలో పంపే నిరాకరణల్లో ఆ వాక్యం సాధారణంగా ఉండదు. చదవవలసినవి ఇప్పటికే కుప్పగా పడి ఉన్న మనిషి, ఇష్టం లేకుండా ఇంకొకటి పంపమని అడగరు. ఆమె పేరు మీ జాబితాలో విడిగా రాసి పెట్టుకోండి. రెండో రచన పూర్తయినప్పుడు ఆ లేఖ మొదటి వాక్యంలోనే, ఈ నవల పూర్తి ప్రతిని ఆమె చదివిన సంగతీ, తర్వాతి రచన పంపమన్న సంగతీ గుర్తు చేయండి.

ఇదే నవలను మాత్రం మొదటి అధ్యాయాలు మార్చినంత మాత్రాన ఆమెకు మళ్లీ పంపవద్దు. మార్చి పంపమని ఆమే అడిగితే, లేదా కథ నడకే మారిపోయేంతగా మీరు తిరగరాస్తే, అప్పుడు కూడా ముందు ఒక చిన్న లేఖ రాసి అనుమతి అడిగి పంపాలి. అదే ఏజెన్సీలో మరొకరికి పంపవచ్చా అన్నది ఆ ఏజెన్సీ నియమాన్ని బట్టి ఉంటుంది. కొన్ని చోట్ల ఒకరు వద్దంటే అందరూ వద్దన్నట్టే లెక్క, కొన్ని చోట్ల కొంత వ్యవధి తర్వాత మరొకరికి పంపడాన్ని అంగీకరిస్తారు. వారి సైట్‌లో ఆ సంగతి స్పష్టంగా లేకపోతే, పూర్తిగా చదివిన మనిషి ఉన్న చోటికి మళ్లీ వెళ్లేకంటే వేరే ఏజెన్సీని ఎంచుకోవడమే మేలు.

ఆమెకు ఇంకా జవాబు రాయకపోతే ఈ వారంలో రాయండి. నవల మొత్తం చదివినందుకు కృతజ్ఞతలు, తర్వాతి రచన సిద్ధమైనప్పుడు పంపుతాను అన్న రెండు వాక్యాలు చాలు. కారణాలు అడగవద్దు, నవలను సమర్థించుకోవద్దు. మీ మొదటి అధ్యాయం మార్చడం పూర్తయ్యాక, కావాలంటే ఆ పేజీలు నాకు పంపండి. ఇదే నగరంలో ఉన్నాను కనుక ఏదైనా శనివారం కూర్చుని కలిసి చదువుదాం.